ఘాటీ ఎక్కాల్సిన బండికి ఒక ప్లగ్గు: విమానాశ్రయాల పార్కింగ్ పెద్దలకు బహిరంగ లేఖ

విమానాశ్రయాల్లో పార్కింగ్ చూసుకునే అధికారులకు, ఆ పని వేలంలో పాడుకున్న కాంట్రాక్టర్లకు,

కొరాపుట్ నుంచి నమస్కారం.

పోయిన దసరా సెలవుల్లో ఒక రాత్రి పదకొండున్నరకి, మీ పార్కింగుల్లో ఒకదాని గేటు దగ్గర కాపలా ఉన్న పిల్లడు తన బూత్‌లో ఏసీ ఆపేసి, దాని ప్లగ్గు పీకి, ఆ సాకెట్టు మాకిచ్చాడు. తెల్లవారుజామున నాలుగున్నర దాకా బయట ప్లాస్టిక్ కుర్చీలో దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ ఐదు గంటల్లో మా కరెంటు కారు 16 యూనిట్లు తాగింది. ఆ కరెంటుకి నేనింకా డబ్బు కట్టలేదు. కట్టించుకునేవాళ్ళు దొరకలేదు. ఈ ఉత్తరం ఆ బాకీ గురించే అనుకోండి.

ఏ విమానాశ్రయమో రాయను. రాస్తే డ్యూటీ చార్టు తీసి ఆ రాత్రి ఎవరున్నారో చూస్తారు, పిల్లడి ఉద్యోగానికి ఎసరొస్తుంది. పైగా పేరు రాస్తే ఆ ఒక్కచోటి వాళ్ళు సంజాయిషీ ఒకటి రాసి పడేస్తారు, మిగతావాళ్ళు మనది కాదులే అని పేజీ తిప్పేస్తారు. మా కొండల్లో వాళ్ళం ఒక్క చోటికే పోం. విశాఖపట్నం వెళ్ళేవాళ్ళున్నారు, భువనేశ్వర్ వెళ్ళేవాళ్ళున్నారు, జయపురం అవతలి వాళ్ళు రాయపూర్ పోతారు. అక్కణ్నుంచి ఎగిరి ఇంకెక్కడెక్కడో దిగుతారు. అలాంటి రాత్రి దేశంలో ఏ ఊళ్ళో అయినా రావచ్చు.

ముందు మా సంగతి చెప్పాలి. నేను టెలిఫోన్ శాఖలో జేటీఓగా, అంటే జూనియర్ టెలికాం ఆఫీసరుగా చేరి, ఈ జిల్లాలోనే ఎక్స్ఛేంజీలు చూసుకుంటూ రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో దేశియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా మా కొరాపుట్ విశాఖపట్నం జిల్లాలోదే. రాష్ట్రం మారింది గానీ తాతల నాటి అలవాటు మారలేదు. పెళ్ళి చీరలకైనా, పెద్దాసుపత్రికైనా, విమానానికైనా కిందికి దిగాల్సిందే. మా ఊరు సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉంది. సుంకి ఘాటీలో, అంటే కొండదారిలో, సాలూరు వైపు దిగినా, తప్తపాణి మీదుగా బరంపురం వైపు దిగినా, జగదల్‌పూర్ దాటి కేశ్‌కాల్ మలుపుల్లో దిగినా పోయేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు మిట్ట. నా గొడవంతా ఈ వచ్చేటప్పటిదే.

రెండేళ్ళ కిందట కరెంటు కారు కొన్నాం. పచ్చ పలక మీద తెల్ల అంకెలు, మా కొరాపుట్ నంబరు ఓడీ 10. బ్యాటరీ 30 యూనిట్లది. ఇంట్లో కరెంటు బిల్లులో చూస్తామే, అదే యూనిట్టు. చదును రోడ్డు మీద యూనిట్టుకి ఏడు కిలోమీటర్లు లాగుతుంది. ఈ బండ్లలో ఒక సుఖం ఉంది. దిగుడులో కాలు తీస్తే మోటారే జనరేటరుగా తిరిగి, బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలో పోస్తుంది. పొట్టంగి దాటి ఘాటీ దిగుతుంటే అద్దాల ముందున్న మీటరులో శాతం తగ్గకపోగా ఒకటో రెండో పెరుగుతుంది. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఆవిడకి ఇది పెద్ద వినోదం. “కొండే ఛార్జి చేస్తోందేటే?” అంటారు ప్రతిసారీ.

కొండ ఇచ్చింది వచ్చేటప్పుడు వడ్డీతో లాక్కుంటుంది. లెక్క చెబుతాను, టెలిఫోన్ శాఖ బుద్ధి ఎక్కడికి పోతుంది. బండి 1400 కిలోలు, మేం నలుగురం, సామాను కలిపి 1700. దాన్ని సముద్రపు ఒడ్డు నుంచి మా ఊరి ఎత్తుకి లేపడానికి, ముందుకు నడవడానికయ్యే ఖర్చు కాకుండా, ఉత్త ఎత్తుకే నాలుగు యూనిట్లు కావాలి. మోటారులో, గేరులో పోయేది కలిపితే నాలుగున్నర. అంటే బ్యాటరీలో నూటికి పదిహేను వంతులు ఘాటీ పన్ను. చదును నేల మీద వాళ్ళు 30 శాతం ఉంటే చాల్లే అనుకుని ఇంటికి పోగలరు. మేం అదే 30 శాతంతో బయల్దేరితే ఏ మలుపులోనో ఆగిపోతాం. పెట్రోలు బండి ఆగితే ఎవరో ఒకరు బైకు మీద పోయి సీసాలో పట్టుకొస్తారు. కరెంటు సీసాలో పట్టలేం కదా.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

అండమాన్ టికెట్లు తీశాం. అత్తగారు సెల్యులార్ జైలు చూడాలన్నారు. సముద్రం ఎందుకండీ, మన కింద ఉన్నదీ సముద్రమే కదా అన్నాను. “ఇది ఒడ్డు, అది నడుమ” అన్నారు. ఇక మాట్లాడేదేముంది. దారిలో ఒకచోట ఛార్జి పెట్టుకుని విమానాశ్రయం చేరేసరికి బ్యాటరీ 26 శాతం. పార్కింగులో ఫాస్ట్ ఛార్జరు ఒకటుంది. ఒకటే ఉంది, బండికి తగిలించే గన్ను కూడా ఒకటే. దానికి ఒక తెల్ల కారు తగిలించి ఉంది. తెర మీద 100 శాతం, ఛార్జింగ్ పూర్తయింది అని వెలుగుతోంది. బండిలో మనిషి లేడు. బూత్‌లో అడిగితే “ఆ సారు నిన్ననే ఫ్లైటెక్కేశారమ్మా, వారం దాకా రారు” అన్నారు. సరే, తిరిగొచ్చాక పెట్టుకుందాం, ఈలోగా ఆయన రాకపోతారా అనుకుని బండిని దూరంగా ఇంకో వరసలో పెట్టి విమానం ఎక్కాం.

తొమ్మిదో రోజు రాత్రి పదకొండుకి దిగాం. బండి 24 శాతం మీద ఉంది. తొమ్మిది రోజుల్లో తగ్గింది రెండంటే రెండు. అందులో కూడా సగం పాపం మా వారిదే, తర్వాత చెబుతాను. ఛార్జరు దగ్గరికి పోతే అదే తెల్ల కారు, అదే గన్ను, తెర మీద అదే 100 శాతం. వారం అన్నాయన ఇంకా రాలేదు.

ఆయన్ని తిట్టాలనిపించింది, కానీ ఆలోచిస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఛార్జరు ఖాళీగా కనబడింది, తగిలించాడు. నిండడానికి గంట పట్టింది. అప్పటికి ఆయన విమానంలో ఉన్నాడు. విశాఖలోనో ఢిల్లీలోనో ఆకాశంలోనో ఉన్న మనిషి దిగొచ్చి గన్ను పీకి బండి పక్కకి తీయలేడు కదా. గంటలో పని పూర్తయ్యే యంత్రాన్ని, పది రోజులు కదలని బండ్ల మధ్య పెట్టారు మీరు. ఫాస్ట్ ఛార్జరు హైవే మీద టీ తాగే చోట ఉండాలి, మనిషి పక్కనే ఉంటాడు గనక. మీ గేటు దగ్గర టాక్సీలకి ఉండాలి. సెలవులకి పోయేవాళ్ళు బండి వదిలేసే వరసలో దానికి పనేమిటి?

ఊళ్ళో ఇంకో రెండు చోట్ల ఉన్నాయని ఫోన్లో మ్యాపు చూపించింది. ఒకచోట పది దాటితే గేటు మూసేస్తారట. రెండోచోట ఫోనెత్తలేదు. అత్తగారు బండిలోనే ఒరిగారు. అప్పుడొచ్చాడు ఆ పిల్లడు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. “ఏటమ్మా, ఛార్జింగ్ లేదా? మీ దగ్గర ఇంటి ఛార్జరుందా?” అన్నాడు. ఉంది, డిక్కీలోనే ఉంటుంది. “బండి ఇలా ఎనక్కి తెండి. మా ఏసీ ప్లగ్గుంది, పదిహేను ఆంపియర్లది.”

ఇంటి ఛార్జరుకి ఒక పట్టుదలుంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. మా బంధువుల ఇళ్ళలో సగానికి సగం ప్లగ్గులు ఈ పరీక్షలో తప్పాయి. మీ బూత్ ప్లగ్గు నెగ్గింది. ఎవరు వైరింగ్ చేశారో గానీ వాళ్ళకి నా నమస్కారం. పచ్చ లైటు వెలిగింది. గంటకి మూడుంబావు యూనిట్లు ఎక్కుతుంటే, మేం బండిలో కునికిపాట్లు పడుతూ కూర్చున్నాం.

నాలుగుంబావుకి సూపర్‌వైజర్ వచ్చారు. వైరు చూశారు. “ఎవరి కరెంటు ఇది?” అని అడిగారు. పిల్లడి మొహం పాలిపోయింది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న, నేను కాదనను. ఎంతైతే అంత కడతాను, రసీదు ఇవ్వండన్నాను. “దానికి రేటు లేదమ్మా, రేటు లేనిది ఎలా తీసుకుంటాను? కరెంటు అమ్మాలంటే లైసెన్సు కావాలి” అన్నారు. పావుగంట తర్వాత వైరు చుట్టుకుని 72 శాతంతో బయల్దేరాం. పిల్లడికి డబ్బివ్వబోతే తీసుకోలేదు. డిక్కీలో ఉన్న కొరాపుట్ కాఫీ పొడి పొట్లం చేతిలో పెట్టి వచ్చేశాం.

లైసెన్సు మాట ఇక్కడే తేల్చేద్దాం. 2018 ఏప్రిల్‌లోనే కేంద్ర విద్యుత్ శాఖ స్పష్టంగా చెప్పింది. బండి ఛార్జి చేయించడం సేవ కిందికి వస్తుంది, కరెంటు అమ్మకం కిందికి రాదు, దానికి విద్యుత్ చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు అని. 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ నమూనా భవన నిబంధనలు సవరిస్తూ, పార్కింగులో ఐదో వంతు బండ్లు కరెంటువే ఉంటాయని లెక్కేసుకుని వైరింగుకీ లోడుకీ ఏర్పాటు చేసుకోమంది. నమూనా నిబంధనలు తలమీద కత్తి కావు, నాకూ తెలుసు. మా శాఖలోనూ అలాంటి సర్క్యులర్లు ఫైళ్ళలో హాయిగా నిద్రపోయేవి. కానీ అడ్డు చెప్పడానికి మాత్రం చట్టాన్ని వాడుకోవద్దు.

నేనడిగేది చిన్న విషయం. ఎక్కువ రోజులు వదిలే వరసలో మామూలు పదిహేను ఆంపియర్ల ప్లగ్గులు పెట్టించండి. గీజరుకి పెడతామే, అవి.

ఫాస్ట్ ఛార్జరు అంటే మీకు మోజు. రిబ్బను కత్తిరించొచ్చు, ఫోటోలో బాగుంటుంది. ప్లగ్గుల వరసకి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. అయినా ఒకసారి లోడు చూడండి. 60 కిలోవాట్ల గన్ను ఒకటి పెట్టడానికి ఎంత లోడు కావాలో, ఇంచుమించు అంతే లోడుతో 3.3 కిలోవాట్ల ప్లగ్గులు ఇరవై ఒకేసారి నడుస్తాయి. ఒకేసారి నడవాల్సిన అవసరం కూడా లేదు. నా బండి సున్నా నుంచి నిండడానికి పది గంటలు పడుతుంది. మీ దగ్గర తొమ్మిది రోజులు, అంటే 216 గంటలు నిలబడింది. అందులో ఒక్క రాత్రి కరెంటిస్తే చాలు. మిగతా రాత్రులు పక్కవాళ్ళకివ్వండి. ఇరవై బండ్లున్న వరసలో రాత్రికి ఐదు ప్లగ్గులు వెలిగినా అందరికీ అందుతుంది, లోడు 17 కిలోవాట్లు దాటదు. ఒక మోస్తరు ఆఫీసు మేడ మీద ఏసీలు అంతకన్నా ఎక్కువ తింటాయి.

ఏ రాత్రి ఎవరికివ్వాలో తేల్చడానికి యాప్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీని పిలవక్కర్లేదు. గేటు దగ్గర టికెట్టిచ్చేటప్పుడు తిరిగొచ్చే తేదీ అడిగి రాసుకోండి. ఎలాగూ కొన్నిచోట్ల అడుగుతూనే ఉన్నారు. ప్లగ్గులన్నిటికీ ఒక ప్యానెల్ బోర్డు, ఒక్కో ప్లగ్గుకీ ఒక ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనే పడిపోయే స్విచ్చు, ఒక చిన్న మీటరు. యజమాని తన వైరు తగిలించి పోతాడు. రేపు ఎవరు దిగుతున్నారో కాగితం చూసి, ఈ రాత్రి వాళ్ళ స్విచ్చులు పైకెత్తండి. పొద్దున్న మీటరు చూసి బిల్లు వేయండి. మా ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్సు బుక్ చేసిన రోజుల నుంచీ మనుషులు ఇలాంటి పనులు నోటుబుక్కుతో చేశారు.

చివరి రాత్రే ఎందుకంటే దానికీ కారణముంది. లిథియం బ్యాటరీ నిండా ఛార్జితో, ఎండలో, రోజుల తరబడి నిలబడితే వయసు త్వరగా పైబడుతుంది. కొన్ని రకాలకి ఎక్కువ, కొన్నిటికి తక్కువ. సగంలో ఉంటే దానికి హాయి. బయల్దేరే ముందు నిండితే చాలు.

ఒక్క జాగ్రత్త. ఇంటి ఛార్జరు వేల రూపాయల వస్తువు. పది రోజులు దాన్ని నేల మీద వదిలేసి పోవాలంటే నా ప్రాణం కొట్టుకుంటుంది. ప్రతి ప్లగ్గు దగ్గరా ఛార్జరు డబ్బా పట్టేంత ఇనుప పెట్టె, తాళం మేమే తెచ్చుకుంటాం. వానకి పైన రేకు. ఎర్తింగ్ మాత్రం ఏడాదికోసారి కొలిపించండి. రాయితీ నేనడగడం లేదు. పార్కింగ్ రుసుము పెట్రోలు బండికి ఎంతో మాకూ అంతే తీసుకోండి, కరెంటుకి యూనిట్టు రేటు మీద మీ కష్టం కూడా వేసుకోండి. బోర్డు మీద ఒక అంకె ఉంటే ఆ సూపర్‌వైజరు గారికీ నాకూ తెల్లారగట్ల ఆ మాటలుండేవి కావు.

మా వాళ్ళకి కూడా రెండు మాటలు. నిజానికి ఇది మా వారికి. అండమాన్‌లో ఉన్న తొమ్మిది రోజులూ ఆయన రోజుకి నాలుగుసార్లు ఫోన్లో బండి యాప్ తెరిచి శాతం చూసుకున్నారు. బండి ఆ కబురుకి జవాబు చెప్పాలంటే లోపలి కంప్యూటర్లు నిద్ర లేవాలి. నిలబడి ఉన్న బ్యాటరీ తనంతట తాను నెలకి ఒకటో రెండో శాతం కన్నా పెద్దగా పోగొట్టుకోదు. నిద్రపోతున్న పసిపిల్లని నిద్రపోయిందా అని తట్టి లేపినట్టు ఈయన లేపడం వల్లే తొమ్మిది రోజులకే రెండు పోయాయని నా అనుమానం. ఆయన ఒప్పుకోరు.

అసలు ప్రమాదం ఆ పెద్ద బ్యాటరీతో కాదు. ముందు బోనెట్ కింద మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఈ బండ్లలోనూ ఉంటుంది. తలుపు తాళాలు, లైట్లు, కంప్యూటర్లు దాని మీదే. పెద్ద బ్యాటరీని మోటారుకి కలిపే స్విచ్చు మూసుకోవాలన్నా ఆ చిన్నదే కరెంటివ్వాలి. అది చచ్చిపోతే పెద్దదాంట్లో 80 శాతం ఉన్నా బండి రాయి. రాయగడలో ఉండే మా మరిదికి అదే జరిగింది. రెండు వారాల తర్వాత వచ్చి చూస్తే తలుపు తెరుచుకోలేదు. ఈ రెండు బ్యాటరీల స్వభావం చూస్తే నాకు నవ్వొస్తుంది. సీసం బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచాలి, ఖాళీగా ఉంటే పాడవుతుంది. లిథియందాన్ని నిండుగా ఉంచితేనే తొందరగా ముసలిదవుతుంది. ఒకే ఇంట్లో అత్తకీ కోడలికీ వేరువేరుగా వండినట్టు. మా ఎక్స్ఛేంజీల్లో 2 వోల్టుల సీసం సెల్లులు 24 వరసగా కలిపి 48 వోల్టులు నిలబెట్టేవాళ్ళం. కరెంటు పోయినా ఊళ్ళో ఫోన్లు మోగేవంటే వాటి చలవే. వాటికి రాత్రింబవళ్ళు బొట్టు బొట్టుగా కరెంటు పడుతుండేది. ముప్పై ఏళ్ళు ఆ బొట్ల మధ్య బతికాను గనకే, మీరు గన్ను చూపిస్తుంటే నాకు ప్లగ్గు మీద గురి.

మా మరిది బండికి మీలాంటి ఒక పార్కింగులో ఏం చేశారో కూడా వినండి. తాడు కట్టి లాగుదామన్నారు. కరెంటు బండిని మోటారు తిప్పే చక్రాలు నేల మీద ఉండగా లాగకూడదు. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, తిరిగితే కరెంటు పుట్టిస్తుంది, మంచికి పోయి చెడవుతుంది. బండి మొత్తాన్ని బల్లలారీ మీదికి ఎక్కించి తీసుకుపోవాలి. మా మరిదే అడ్డంపడి ఆపాడు. చివరికి పక్కనున్న టాక్సీ డ్రైవరు తన బ్యాటరీ నుంచి రెండు వైర్లు పెట్టి లేపితే ఐదు నిమిషాల్లో బండి కళ్ళు తెరిచింది. మీ బూత్‌లో బ్యాటరీ లేపే చిన్న పెట్టె ఒకటి ఉంచండి, అరచేతిలో పట్టేంతవి దొరుకుతున్నాయి. పెట్రోలు బండ్లకీ అదే పనికొస్తుంది. మీ మనుషులకి ఒక పూట నేర్పించండి. మనిషి కావాలంటే బస్సు ఛార్జీలు కూడా అడక్కుండా నేనే వస్తాను.

ఇంకొకటి. అమ్మాయి దగ్గరికి వెళ్తూ వేరే ఊళ్ళో ఒకసారి బండిని బేస్‌మెంటులోకి రానివ్వలేదు. “ఈవీ అంటుకుంటుందమ్మా, లండన్‌లో ఎయిర్‌పోర్టే తగలబడింది” అన్నారు. ఆయన అన్నది లండన్ దగ్గర లూటన్ సంగతి. 2023 అక్టోబర్ 10 రాత్రి అక్కడి విమానాశ్రయం పార్కింగ్ మేడ తగలబడి వెయ్యికి పైగా బండ్లు పోయాయి, మేడలో కొంత కూలిపోయింది. మంటలు ఆరకముందే కరెంటు కారు వల్లే అని ప్రపంచమంతా పాకింది. మొదట అంటుకున్నది డీజిల్ బండి అని అక్కడి అగ్నిమాపక శాఖే చెప్పింది. 2020 జనవరిలో నార్వేలో స్టావెంజర్ విమానాశ్రయం పార్కింగ్ కాలినప్పుడూ మొదలైంది డీజిల్ బండితోనే. అలాగని భయం పూర్తిగా ఉత్తదీ కాదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం, నీళ్ళు చాలా కావాలి, ఆరిందనుకున్నాక మళ్ళీ రాజుకోవచ్చు. అందుకే మమ్మల్ని ఆరుబయట, కాస్త ఎడంగా, నీళ్ళ పైపు అందే చోట పెట్టమంటే సంతోషంగా పెడతాం. ప్లగ్గులు కూడా అక్కడే రావాలని మా కోరిక, ఇద్దరికీ ఖర్చు కలిసొస్తుంది. గేటు దగ్గరే వెనక్కి పంపేసి, ఇంకో నలభై నిమిషాల్లో విమానం ఉండగా ఎక్కడైనా పెట్టుకోండి అంటే మాత్రం ఎక్కడ పెట్టుకోవాలి?

తుఫాను మాట చెప్పకుండా మా వైపు వాళ్ళు ఉత్తరం ముగించలేరు. దసరా సెలవులూ తుఫాన్లూ మాకు ఒకేసారి వస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడి విమానాశ్రయం పైకప్పునే చీల్చేసింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర. జనం బండి మీ దగ్గర వదిలి ఊరు దాటేది కూడా ఆ వారాల్లోనే. ఉప్పునీట మునిగిన కరెంటు బండి తర్వాత ఎండాక కూడా అంటుకోవచ్చు. 2022లో ఇయాన్ తుఫాను తర్వాత అమెరికాలో ఫ్లోరిడాలో అలా అంటుకున్నాయి. ఉప్పు లోపల మిగిలి, సెల్లుల మధ్య దారి వేస్తుంది. కాబట్టి పల్లంలో ఉన్న పచ్చ పలకల బండ్లు ఎన్నో, వాటి యజమానుల ఫోను నంబర్లు ఏమిటో మీ దగ్గర ఒక కాగితం ఉండాలి. హెచ్చరిక మూడు రోజుల ముందే వస్తోంది ఈ రోజుల్లో. ఫోన్ చేస్తే, తాళం ఇంకొకటి ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరినో ఒకరిని పంపిస్తారు. మేం అండమాన్‌లో టీవీ ముందు కూర్చుని అల్పపీడనం ఎటు పోతోందా అని చూసుకుంటూ రెండు రోజులు గడిపాం. మీ నంబరు టికెట్టు వెనక ఉంది. ఎవరూ ఎత్తలేదు.

జనవరిలో, పండగ వెళ్ళాక, మళ్ళీ ప్రయాణముంది. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఎన్నాళ్ళుంటామో చెప్పలేను, ఇరవై రోజులు తక్కువ కాదు. బండిని 50 శాతం మీద తెచ్చి వదులుతాను, మా వారి ఫోన్లోంచి యాప్ తీసేయిస్తాను. చంటిబిడ్డ సంగతులు విని అలసిపోయి, అర్ధరాత్రి దిగి, అత్తగారితో ఘాటీ ఎక్కాలి. ఆ వేళకి వరసలో ఒక్క ప్లగ్గుకైనా తాళం పెట్టె కనిపిస్తే నాకు చాలు.

ఆ 16 యూనిట్ల సంగతి మాత్రం మర్చిపోకండి. రేటు ఎప్పుడు నిర్ణయిస్తే అప్పుడు, అదే రేటుకి, బిల్లు వేయండి. జనవరిలో వచ్చినప్పుడు గేటు దగ్గర కడతాను. రసీదు ఆ పిల్లడి చేత రాయించండి.

ఇట్లు,
ఓడీ 10 పచ్చ పలక బండి ఆవిడ,
కొరాపుట్